ఆటిజము గలవారి ఆందోళన – శమనోపాయములు

ఆటిజము అంటువ్యాధి కాదు, పిచ్చి కాదు, పెంపకపు లోపము కాదు. అది పుట్టుకతోనే వచ్చు మనోనిర్మాణ భేదము. శబ్దమును, వెలుగును, స్పర్శను, మాటను, ముఖభావమును గ్రహించు తీరు ఈ నిర్మాణము గలవారియందు ఇతరులకంటె భిన్నముగ నుండును. కొందరికి మాట ఆలస్యముగ వచ్చును. కొందరికి రానే రాదు. మరికొందరు చిన్ననాటనే పెద్దలవలె మాటలాడుదురు. అయినను ఇతరులతో వ్యవహరించుటలో భేదము, మార్పును ఓర్చుకొనలేకపోవుట, ఒక విషయమునందు గాఢాసక్తి, ఇంద్రియములు అతి తీక్ష్ణముగనో అతి మందముగనో పనిచేయుట అను లక్షణములు వీరందరియందును ఏదో యొక పాలు కనబడును.

1943వ సంవత్సరమున అమెరికాలోని బాల్టిమోరు నగరములో లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి ఈ లక్షణములను వివరించెను. 1944లో వియన్నా నగరమున హాన్స్ ఆస్పెర్గర్ అను వైద్యుడును ఇట్టి పిల్లలనుగూర్చి వ్రాసెను. తల్లి ప్రేమ చూపకపోవుటవలన ఈ స్థితి కలుగునను అపవాదు చాలకాలము వ్యాపించియుండెను. బెర్నార్డ్ రిమ్లాండ్ అను మనశ్శాస్త్రజ్ఞుడు, అట్టి కుమారుని కన్న తండ్రి, 1964లో ప్రకటించిన గ్రంథమున ఆ వాదమును ఖండించెను. భారతదేశమున 1999నాటి నేషనల్ ట్రస్టు చట్టమును, 2016నాటి వికలాంగుల హక్కుల చట్టమును ఆటిజమును పేరుపెట్టి పేర్కొన్నవి. కావున ఇంట అట్టి బిడ్డ పుట్టుట తల్లి దోషమనియు, పూర్వకర్మ ఫలమనియు తలచి కుమిలిపోవుటకు కారణము లేదు.

ఆటిజము గలవారిని మిక్కిలి బాధించునది తరచుగ ఆటిజము కాదు, దానివెంట వచ్చు ఆందోళన. అనేక పరిశోధనలను సమీక్షించి 2011లో ప్రకటింపబడిన ఒక వ్యాసము ప్రకారము ఆటిజము గల పిల్లలలోను, యువకులలోను నూటికి సుమారు 40 మందికి ఏదో యొక ఆందోళన రుగ్మత యుండును. ఆ ఆందోళనను, దానినుండి పుట్టు నిరాశాపూరితమైన ఆలోచనలను శమింపజేయు మార్గము లెవ్వి అనునదే ఈ పాఠమునకు విషయము. ఇందలి ముఖ్యసూత్ర మొక్కటే: ముందు ఆ భయమును నమ్మవలెను, తరువాత దాని కారణమును వెదకవలెను, ఆపైననే మనస్సును ఓదార్చవలెను. ఈ క్రమము తప్పినచో మంచి యుపాయము కూడ పనిచేయదు.

1. ఆందోళన ఎక్కడనుండి పుట్టును?

దీనికి సాధారణముగ నాలుగు మూలములు కలవు.

మొదటిది ఇంద్రియ బాధ. ఫ్యాను చప్పుడు, మినుకుమినుకుమను ట్యూబులైటు, కుక్కరు కూత, చొక్కా మెడవెనుక గుచ్చుకొను గుడ్డపీలిక – ఇతరులు గమనింపనైనను గమనింపని ఇట్టివి వీరిలో అనేకులకు నిజముగనే బాధ కలిగించును. అది నటన కాదు.

రెండవది అనిశ్చితి. తరువాత ఏమి జరుగునో తెలియకపోవుట అందరికిని కొంత అలజడియే. వీరికి అది దుర్భరము. రోజును పోవు దారి మారుట, చెప్పిన వేళకు భోజనము రాకపోవుట, చెప్పకయే చుట్టములు వచ్చుట పెద్ద భయమునకు హేతువు కాగలదు.

మూడవది ఒకరినొకరు అర్థము చేసికొనలేకపోవుట. వెక్కిరింపును నిజమని నమ్ముట, నిజమును వెక్కిరింపని తలచుట, ఎదుటివాని ముఖమునందలి కోపమును గుర్తింపలేకపోవుట మున్నగునవి. బ్రిటనుకు చెందిన డామియన్ మిల్టన్ అను సామాజిక శాస్త్రజ్ఞుడు, స్వయముగ ఆటిజము గలవాడు, ఈ లోపము ఒకవైపునుండియే గాక ఇరువైపులనుండియు జరుగుచున్నదని 2012లో ప్రతిపాదించెను. ఆటిజము గలవారిని అర్థము చేసికొనుటలో ఇతరులును అంతే తడబడుదురు.

నాలుగవది తన స్వభావమును దాచుకొనుట. నలుగురిలో నవ్వులపాలు కాకుండుటకై కొందరు చేతులు కట్టుకొని, బలవంతముగ కన్నులలోనికి చూచుచు, కంఠస్థము చేసిన మాటలు పలుకుచు దినము గడుపుదురు. బాలికలు, స్త్రీలు ఇట్లు చేయుట యెక్కువ. పాఠశాలలో బుద్ధిమంతురాలని పేరు పొందిన పిల్ల ఇంటికి రాగానే విలపించుటకు ఇది యొక కారణము.

ఇవి యన్నియు కుండలో బొట్టుబొట్టుగ నిండు నీటివంటివి. కడపటి బొట్టు చిన్నదైనను కుండ పొరలును. అప్పుడు కొందరు అరచి, ఏడ్చి, నేలబడి దొర్లుదురు. కొందరు మాట పడిపోయినట్లు మూగవోవుదురు. దీనిని మొండితనముగ నెంచరాదు. మొండికేయు పిల్లవాడు కోరినది చేతికందగానే ఊరకుండును. కుండ పొరలినవాడు కోరినది ఇచ్చినను ఊరకుండలేడు. వానికి కావలసినది శిక్షయు కాదు, లంచమును కాదు, నిశ్శబ్దము, కాలము.

2. టెంపుల్ గ్రాండిన్ అనుభవము

ఈ విషయమునకు నిదర్శనముగ అమెరికా దేశస్థురాలైన టెంపుల్ గ్రాండిన్ జీవితమును చెప్పుకొనవచ్చును. ఆమె 1947లో బోస్టను నగరమున జన్మించెను. మూడున్నరయేండ్ల వయస్సువరకు ఆమెకు మాటలు రాలేదు. యౌవనారంభమునుండి కారణము తెలియని భయము ఆమెను నిరంతరము పీడించెను. ఎవరైనను కౌగిలించుకొనబోయినచో ఆ స్పర్శ ఉప్పెనవలె మీద బడినట్లై తప్పించుకొనెడిది. అయినను దేహమును అదిమిపట్టునట్టి ఒత్తిడికై ఆమె శరీరము తహతహలాడెడిది.

ఒక వేసవిలో ఆమె అరిజోనాలోని బంధువుల పశుక్షేత్రమునకు పోయెను. అచ్చట టీకాలు వేయుటకు పశువులను రెండు పలకలనడుమ బిగించి నిలుపుదురు. ఇరుప్రక్కల ఒత్తిడి పడగానే బెదరుచున్న కొన్ని పశువులు నెమ్మదించుట ఆమె గమనించెను. తానును అందు ప్రవేశించి చూడగా భయము తగ్గినది. తరువాత 18 ఏండ్ల ప్రాయమున అట్టి పెట్టెనే తనకొరకు చెక్కపలకలతో చేసికొనెను. ప్రక్క పలకలకు మెత్తలు. ఎంత అదుమవలెనో, ఎప్పుడు వదలవలెనో నిర్ణయించు మీట ఆమె చేతిలోనే.

అప్పటి మనోవైద్య నిపుణులకు ఇది వికృతముగ తోచినది. ఆ పెట్టెను ఆమెనుండి తొలగింపజూచిరి. కాని పాఠశాలలోని విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుడు అట్లు తలచలేదు. అది ఎందుకు శాంతినిచ్చుచున్నదో శాస్త్రీయముగ కనుగొనుమని ఆమెను ప్రోత్సహించెను. ఆ ప్రశ్నయే ఆమెను గ్రంథాలయమునకును, పిదప పశుశాస్త్రమునకును నడపినది. 1992లో ఆమె ఈ గాఢస్పర్శ ప్రభావముపై శాస్త్రపత్రికలో వ్యాసము ప్రకటించెను. కొలరాడో రాష్ట్ర విశ్వవిద్యాలయమున ఆచార్యురాలై పశువులను భయపెట్టకుండ నడిపించు కట్టడములను రూపొందించుటలో ప్రసిద్ధిగాంచెను.

ఈ చరిత్రలో గ్రహింపదగినది యంత్రము కాదు. భయపడుచున్న యొక బాలిక తనకు తానే మందు కనుగొనగా, పెద్దలు దానినే రోగమని భ్రమించి లాగివేయబోయిరి. ఒక్క గురువు ఎందుకని అడిగెను. ప్రతి కుటుంబమునందును ఈ రెండు మార్గములలో ఏదో యొకటి ప్రతిదినము జరుగుచునేయున్నది.

3. ముందుగా దేహమునకు శాంతి

భయము పైకొన్నవేళ బుద్ధి పనిచేయదు. గుండె వేగముగ కొట్టుకొనుచుండగా, చెవులలో హోరు పుట్టుచుండగా హితబోధ వినబడదు. కావున ఆ సమయమున మాటలు తగ్గించి దేహమును శాంతింపజేయవలెను.

(అ) బాధాకారణమునుండి తప్పించుట. చప్పుడునుండి, వెలుగునుండి, గుంపునుండి దూరముగ కొనిపోవలెను. చెవులను కప్పు సాధనములు, టోపి, చలువ కన్నద్దములు వెంట నుంచుకొనవలెను. ఇంటిలో ఒక మూల, అరుగు, చిన్నగది ఇందుకై కేటాయించుట మేలు. అది శిక్షాస్థానము కారాదు. తన యిష్టముతో పోయి, తన యిష్టముతో వచ్చునది కావలెను.

(ఆ) లయబద్ధమైన కదలిక. ముందు వెనుకలకు ఊగుట, చేతులు ఆడించుట, గుండ్రముగ తిరుగుట, ఒకే వస్తువును త్రిప్పుట – వీటిని చూచి సిగ్గుపడి, చేతులు పట్టి ఆపువారు పెక్కుమంది. ఇవి శాంతించు ఉపాయములని ఆటిజము గల పెద్దలే చెప్పుచున్నారు. ఎవరికిని గాయము కానంతవరకు వీటిని ఆపరాదు. తల గోడకు కొట్టుకొనుట, చేయి కొరుకుకొనుట వంటివి యున్నచో ఊరక ఆపుటకంటె, ముందు కారణమును వెదకి, పిమ్మట అట్టి యనుభూతినే అపాయము లేకుండ నిచ్చు మార్గమును చూపవలెను: నములుటకు గట్టి పదార్థము, పిసుకుటకు పిండిముద్ద, తల ఆనించుటకు దిండు. ఉయ్యాలబల్ల గల ఇంట గొప్ప సాధనము సిద్ధముగనే యున్నది.

(ఇ) గాఢమైన ఒత్తిడి. లేతగ తాకుట అనేకులకు చికాకు. గట్టిగ అదుముట హాయి. బరువైన బొంత, బిగువైన బనియను, దిండ్లనడుమ పడుకొనుట ఇట్టివి. కాని మీట గ్రాండిన్ చేతిలో నుండినట్లు, అదుపు ఎల్లప్పుడును ఆ వ్యక్తి చేతిలోనే యుండవలెను. బలవంతపు కౌగిలి శాంతి కాదు, నిర్బంధము. ఈ సాధనములు అన్నిటిని సాధించునని నమ్మరాదు. బ్రిటనునందు జరిపి 2014లో ప్రకటింపబడిన పరీక్షలో బరువైన దుప్పటి ఆటిజము గల పిల్లల నిద్రను పెంచలేదు. అయినను పిల్లలును తల్లిదండ్రులును దానినే ఇష్టపడిరి.

(ఈ) ఉచ్ఛ్వాస నిశ్వాసములు. నాలుగంకెలు లెక్కించుచు గాలి పీల్చి, ఆరంకెలు లెక్కించుచు మెల్లగ విడుచుట గుండెవేగమును తగ్గించును. పిల్లలకు సబ్బునీటి బుడగలు ఊదుట ఇదే యభ్యాసము. దీనిని ప్రశాంతవేళలో నేర్పవలెను. తుపానులో ఈత నేర్పరాదు. కొందరికి శ్వాసపై దృష్టి నిలిపినచో భయము పెరుగును. అట్టివారికి చన్నీటితో ముఖము కడుగుకొనుట, నడచుట, బరువులు మోయుట మేలు.

(ఉ) మరచిపోబడు కారణములు. తమ ఆకలిని, దాహమును, మూత్రశంకను సకాలమున గుర్తింపలేనివారు వీరిలో నెక్కువ. దంతశూల, మలబద్ధము, నిద్రలేమి కూడ ఆందోళనగ బయటపడును. కావున అన్నము, నీరు, నిద్ర నియమితవేళలందు జరుగవలెను. మాటరాని వ్యక్తి హఠాత్తుగ తన్ను తాను కొట్టుకొనుట ప్రారంభించినచో మొదట దేహములో నొప్పి యున్నదేమో వైద్యునిచేత పరీక్ష చేయింపవలెను.

4. తరువాత ఆలోచనలకు శాంతి

దేహము నెమ్మదించిన పిమ్మట మనస్సునుగూర్చి యోచింపవచ్చును. ఒకే మాటను, ఒకే యవమానమును గంటలకొలది త్రిప్పి త్రిప్పి తలచుట, ఒక తప్పు జరుగగానే సర్వము నాశనమైనదనుకొనుట, తాను ఎందుకును కొరగానని నిశ్చయించుకొనుట ఆటిజము గలవారిలో సాధారణము.

మొదటి మెట్టు భావమునకు గుర్తు పెట్టుట. ఆటిజము గలవారిలో సుమారు సగముమందికి తమ భావమును పోల్చుకొని పేరు చెప్పుట కష్టమని పరిశోధనలు తెలుపుచున్నవి. "ఎందుకేడుస్తున్నావు?" అని తల్లి అడిగినచో వారికి ఉత్తరము దొరకదు. "కడుపులో ఎట్లా ఉంది నాయనా? గుండె గట్టిగా కొట్టుకుంటున్నదా?" అని అడిగినచో దొరకవచ్చును. ఒకటినుండి ఐదువరకు అంకెలు గల పట్టీ వ్రాసి గోడకు అంటించి, ఒకటి శాంతి, ఐదు కుండ పొరలుట అని నిర్ణయించుకొన్నచో, నోట మాట రానివేళ వ్రేలితో చూపవచ్చును. మూడు వచ్చినప్పుడే విశ్రాంతి యియ్యవలెను, ఐదువరకు వేచియుండరాదు.

రెండవ మెట్టు భయమును విభజించుట. ప్రతి ప్రతికూలాలోచనయు భ్రమ కాదు. "బడిలో నన్ను ఎగతాళి చేస్తున్నారు" అని పిల్లవాడన్నచో అది నిజము కావచ్చును. అట్టిచో మార్చవలసినది వాని యాలోచనను కాదు, బడిని. "ఒక్క లెక్క తప్పినది, ఇక నేను పనికిరాను" అన్నచో మార్చవలసినది ఆలోచనను. ఈ భేదమును పాటింపక, అన్నిటిని నీ యూహలే యని త్రోసివేసినచో ఆ బిడ్డ మరల నోరు విప్పడు.

మూడవ మెట్టు ఆలోచనను కాగితముపైకి దించుట. తలలో తిరుగునది కన్నులయెదుటకు రాగానే చిన్నదగును. ఒక పుటను మూడు భాగములు చేసి, జరిగినది ఏమి, నేను అనుకొన్నది ఏమి, మరియేమి కావచ్చును అని వ్రాయవలెను. ఉదాహరణకు: "మామయ్య నాతో మాట్లాడలేదు" – "నామీద కోపము" – "బస్సు ఆలస్యమై అలసియుండవచ్చును, నన్ను చూచియుండకపోవచ్చును". వ్రాయలేనివారు బొమ్మలు వేయవచ్చును. గ్రాండిన్ మాటలతోగాక చిత్రములతో ఆలోచించునది. భవిష్యత్తును తలచి భయపడినప్పుడు ఆమె దానిని ఒక తలుపుగ భావించి, నిజమైన తలుపునే తెరచి ఆవలికి పోవుట అభ్యసించెను. అర్థముకాని భావమునకు చూడదగిన రూపము నిచ్చుట ఆమెకు ధైర్యమైనది.

నాలుగవ మెట్టు రాబోవుదానిని ముందే తెలుపుట. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమునకు చెందిన కరోల్ గ్రే అను ఉపాధ్యాయిని 1990 దశకారంభమున చిన్న కథల రూపములో ఈ పద్ధతిని ప్రచారము చేసెను. పెండ్లికి పోవుటకు ముందు, ఎవరు వత్తురు, ఎంతసేపు, బాజాలు ఎప్పుడు మ్రోగును, అలసినచో ఎక్కడ కూర్చుండవచ్చును అని సులభవాక్యములలో వ్రాసి, బొమ్మలు చేర్చి రెండుమూడు దినములు చదివి వినిపింపవలెను. "ఖచ్చితముగా" అని చెప్పలేనప్పుడు "బహుశా" యని చెప్పి, అట్లు కానిచో ఏమి చేయవలెనో కూడ చేర్చవలెను.

ఐదవ మెట్టు చింతకు వేళ నిర్ణయించుట. దినమునకు ఒక పదునైదు నిమిషములు చింతించుటకై కేటాయించి, ఇతరవేళ వచ్చిన తలపును చీటీపై వ్రాసి పెట్టెలో వేయవలెను. వేళ వచ్చునప్పటికి ఆ చీటీలలో కొన్ని వాటంతటవే తేలికపడియుండును.

ఆరవది ఇష్టమైన విషయము. రైళ్ళ వేళలు, పక్షులు, నాణెములు, లెక్కలు – దేనియందైనను గాఢాసక్తి యున్నచో దానిని పిచ్చియని హేళన చేయరాదు. చీకటి తలపులనుండి మనస్సును లాగు బలమైన త్రాడు అదియే.

5. గృహస్థులకును మఠములకును

ఆటిజము గలవారిని శాంతింపజేయువారు ముందు తాము శాంతముగ నుండవలెను. బిడ్డ అరచినప్పుడు తండ్రియు అరచినచో ఒక చప్పుడునకు మరియొక చప్పుడు చేరును. అట్టివేళ చిన్న వాక్యము, మెల్లని గొంతు, కొంత దూరము చాలును. "నా కన్నులలోనికి చూడు" అని నిర్బంధింపరాదు. వినుచునే చూపు తిప్పుకొనువారు కలరు. అవ్వ, తాత, మేనమామ, అత్త – రాకపోకలు గల బంధువులందరికిని ఇంటి నియమములను ముందే తెలుపవలెను. ఒకరు ఊగనిచ్చి మరియొకరు కొట్టినచో బిడ్డకు లోకమే అనిశ్చితమగును.

నియతవేళ జరుగు నిత్యపూజ ఇట్టివారికి సహజముగ అనుకూలము, ఏలయన రేపును ఇదియే జరుగునను నమ్మకము అందు గలదు. జాతర, ఉత్సవము, దాసోహపు పంక్తి అట్లు కావు. గంటలు, మైకులు, తోపులాట, క్రొత్త ముఖములు ఒక్కమారుగ మీదబడును. కావున మఠములలో ఉత్సవ దినములందు ఒక నిశ్శబ్దమైన గదిని కేటాయించుట, మైకునకు దూరముగ కూర్చుండనిచ్చుట, గుంపు లేని వేళ దర్శనమునకు అనుమతించుట, పంక్తిలో వేచియుండలేనివారికి ముందుగ వడ్డించుట కష్టసాధ్యములు కావు. ఊగుచున్న యువకుని చూచి నవ్వువారిని పెద్దలు ఒక్కమాటతో వారించినచో ఆ తల్లి మరల మఠమునకు రాగలదు. లేనిచో ఆమె ఇంటి తలుపు మూసికొనును. ఆ బిడ్డతోపాటు ఆమెయు ఒంటరిదగును.

6. వైద్య సహాయము

పై యుపాయములతో తీరని ఆందోళనకు వైద్యము కలదు. ఆలోచనలను, నడవడిని క్రమముగ మార్చు మనశ్చికిత్సను ఆటిజము గలవారికి అనుగుణముగ సవరింపవలెనని బ్రిటనులోని వైద్యప్రమాణ సంస్థ 2012లో సూచించినది: మాటలకంటె వ్రాతయు బొమ్మలును ఎక్కువగ వాడుట, అలంకారములు మాని సూటిగ చెప్పుట, నడుమ విరామము లిచ్చుట, వారి ఇష్టవిషయమును చేర్చుకొనుట, కుటుంబసభ్యుని తోడుచేసికొనుట. ఆటిజమును పోగొట్టు మందు లేదు. పోగొట్టుదుమని ధనము గుంజువారిని నమ్మరాదు. ఆందోళనకు మాత్రము మందులు కలవు. గ్రాండిన్ కూడ 1980 దశకారంభమునుండి స్వల్పమోతాదులో మందు వాడి తన భయము తగ్గినదని వ్రాసెను. మోతాదు నిర్ణయము వైద్యునిదే. ఇంట పెంచుట, తగ్గించుట కూడదు.

ఆటిజము గలవారిలో ఆత్మహత్యాపాయము ఇతరులకంటె ఎక్కువయని పరిశోధనలు తెలుపుచున్నవి. చక్కగ మాటలాడుచు, చదువుచు, ఉద్యోగము చేయుచున్నవారును ఇందుకు మినహాయింపు కారు. "నేను లేకపోతే అందరికీ మంచిది" యను మాట విన్నచో దానిని తేలికగ తీసికొనరాదు. ఆ ఆలోచననుగూర్చి సూటిగ అడుగుటవలన అది పెరుగదు. ఒంటరిగ విడువక వెంటనే వైద్యుని కలియవలెను. 2022 అక్టోబరు 10న భారత ప్రభుత్వము ప్రారంభించిన టెలి-మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును.

7. మననము చేయవలసిన ప్రశ్నలు

ఇంటిలో ఆటిజము గలవారికి బాధ కలిగించు చప్పుడు, వెలుగు, స్పర్శ ఏవి? వాటిలో ఈ వారమే తొలగింపదగినది ఏది? వారు తమంతట తాము కనుగొన్న శాంతి మార్గ మేది? దానిని ఎవరైనను ఆపుచున్నారా? వారు చెప్పిన భయములలో నిజమని తేలినది ఏది, దానికి పెద్దలు చేసిన దేమి? రేపటి కార్యక్రమమును వారికి ఎవరు, ఏ రూపమున తెలుపుచున్నారు?

ఈ ప్రశ్నలకు ఉత్తరములు కుటుంబసభ్యులందరు కలిసి, సాధ్యమైనంతవరకు ఆ వ్యక్తిని కూడ కూర్చుండబెట్టుకొని వ్రాసికొనవలెను. అతని నొప్పిని అతనికంటె బాగుగ ఎరిగినవారు వేరొకరు లేరు.